అమరచింత బండి, లేని బోల్టు

ఇన్నేళ్లలో ఈ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. అడగాల్సిన వాళ్లకు నా ఇల్లు తెలుసు, నా ఫోను నంబరు తెలుసు, సాయంత్రం పూట వనపర్తి బస్టాండు ఎదురుగా ఏ టీ బండి దగ్గర కూర్చుంటానో కూడా తెలుసు. అయినా అడగలేదు. అడగకుండానే మొన్న మెకానిక్కుల సన్మాన సభలో మైకు పట్టుకుని చెప్పేశారు.

చెప్పింది మా పాత మేస్త్రి. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం గడిచిన వనపర్తి షెడ్డుకు ఆయనే పెద్ద. భుజాల మీద శాలువా సర్దుకుని, రెండుసార్లు దగ్గి, "ఒకసారి అమరచింత నుంచి ఒక బండొచ్చింది. స్టార్టు చేస్తే వింత సప్పుడు..." అని మొదలుపెట్టాడు. నేను వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. కథ చివరికి వచ్చేసరికి ఆ శబ్దాన్ని కనిపెట్టింది ఆయనే అయ్యాడు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న యువ మెకానిక్కు కూడా గట్టిగా కొట్టి, నా వైపు తిరిగి, "పెద్దాయనా, నువ్వు కొడ్తలేవేంది?" అని అడిగాడు.

కొట్టలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. షెడ్లలో కొత్తగా పానా పట్టుకున్న తమ్ముళ్లు చదవాలి. ఆ మేస్త్రి కూడా చదవాలి. ఆయనకు కళ్లద్దాలు లేకపోతే ఎవరైనా చదివి వినిపించాలి.

ముందు నా సంగతి. నాకు పని నేర్పింది గద్వాలలో ఒక ఉస్తాద్. ఆయన మాటలు తక్కువ, చెంపదెబ్బలు ఎక్కువ. కానీ ఆయన చెప్పిన రెండు సంగతులు నా చేతిలో చివరిదాకా ఉన్నాయి. మొదటిది పళ్లెం. బండి విప్పినప్పుడు తీసిన ప్రతి బోల్టూ, ప్రతి నట్టూ ఒక పాత సత్తు పళ్లెంలో వెయ్యాలి. బిగించడం అయ్యాక పళ్లెం ఖాళీ కావాలి. ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటి నుంచి విప్పాలి. రెండోది, శబ్దం గురించి. "సప్పుడు ఎప్పుడొస్తదో అందరు అడుగుతర్రా. ఎప్పుడు రాదో నువ్వు అడుగు" అనేవాడు. అప్పుడు నాకు అది పిచ్చిమాటలా ఉండేది. అమరచింత బండి వచ్చేదాకా దాని అర్థం నాకు తెలియలేదు.

ఆ బండి ఏడుగురు కూర్చునే డీజిల్ కారు. దాని యజమానే డ్రైవరు. ఆయనా ఆయన భార్యా పెళ్లైన కొత్తలో పూణే వెళ్లి, కట్టే భవనాల దగ్గర కాంక్రీటు మోసి, ఏళ్ల తరబడి కూడబెట్టి ఆ బండి కొన్నారు. దానితో కిరాయి తోలేవాడు. పెళ్లిళ్లకు, హైదరాబాద్ దవాఖానలకు, అమ్రాబాద్ అడవి మీదుగా శ్రీశైలానికి. మనిషి నెమ్మది. బండిని ఎద్దును చూసుకున్నట్టు చూసుకునేవాడు.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో క్లచ్ ప్లేటు అరిగిందని మా షెడ్డుకు తెచ్చాడు. పని నాకు వచ్చింది. గేర్ బాక్సు దించాను, ప్లేటు మార్చాను, ఎక్కించాను, బిగించాను. పళ్లెం ఖాళీ అయింది. ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు.

కొద్ది రోజులకే మళ్లీ వచ్చాడు. ముఖం బాగాలేదు.

"అన్నా, సెల్ఫ్ కొడితే లోపల ఎవరో గచ్చకాయలు ఆడినట్టు సప్పుడొస్తున్నది. బంద్ జేసేటప్పుడు గూడ ఒక్కసారి లొటలొటమంటది."

"నడిచేటప్పుడు?"

"నడిచేటప్పుడు తెల్వదు. గుంతల్ల పడితె ఒక్కోసారి."

నేను ఇంకో ప్రశ్న అడిగేలోపు మేస్త్రి లేచి వచ్చాడు. బానెట్ ఎత్తలేదు. బండి చుట్టూ కూడా తిరగలేదు. "క్లచ్ ఎవరు జేసిండ్రు?" అని మాత్రం అడిగాడు. అందరూ నా వైపు చూశారు.

"గింతే ఉంది కథ" అన్నాడు. "లోపల బోల్టు మరిచిండు."

ఎవరెవరి ముందు అన్నాడో కూడా చెబుతాను. లేతు మిషను ఆయన ఉన్నాడు. బ్యాటరీ, వైరింగు పనులు చేసే ఎలక్ట్రిషియన్ భాయి ఉన్నాడు. ఖిల్లా ఘణపూర్ నుంచి ట్రాక్టరు పనికి వచ్చిన అన్నదమ్ములిద్దరు ఉన్నారు. వాళ్లలో చిన్నవాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

"పళ్లెం ఖాళీ అయింది మేస్త్రీ. ఒక్క బోల్టు మిగల్లే" అన్నాను.

"అదే అంటున్న. పళ్లెంల లేదంటె యాడికి వోయింది? లోపలికే!"

ఇలాంటి తర్కానికి ఏం జవాబు చెబుతారు? పళ్లెంలో బోల్టు మిగిలితే నేను బిగించలేదని తప్పు. మిగలకపోతే లోపల మరిచానని తప్పు. సరే, ముందు ఆ శబ్దమేదో విందామని తాళం తీసుకుని బండి స్టార్టు చేశాను. శబ్దం రాలేదు. ఆపి మళ్లీ చేశాను. రాలేదు. డ్రైవరు బిత్తరపోయాడు. "తల్లి తోడు, పొద్దుగాల కూడ వచ్చిందన్నా!"

మేస్త్రి దానికీ సమాధానం తయారుగా పెట్టుకున్నాడు. "తొవ్వల ఊగి ఊగి బోల్టు పక్కకు వోయి పడుకుంది. దానికి మన భయముంటది."

ఆ రోజే గేర్ బాక్సు దింపించాడు. దింపేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వలేదు. లోపల ఏమీ లేదు. నేను బిగించిన బోల్టులన్నీ నేను బిగించిన చోటే ఉన్నాయి. ఒక్క రంధ్రం కూడా ఖాళీగా లేదు. అక్కడితో ఆగిపోవాలి కదా? ఆగలేదు. "దించేటప్పుడు ఊడి కింద చెత్త కచరల పడ్డట్టుంది. ఈ బండిది గాదు, వేరే బండి బోల్టేదో అండ్ల పడేసి ఉంటడు" అన్నాడు. మళ్లీ ఎక్కించి స్టార్టు చేస్తే శబ్దం లేదు. అసలు ముందు కూడా లేదని ఎవరికీ గుర్తు రాలేదు. "జూసిండ్రా? పోయింది!" అని చేతులు తుడుచుకున్నాడు.

మరునాడు పొద్దున అమరచింత నుంచి ఫోను. "సప్పుడు మల్లొచ్చింది."

ఆ రోజు నుంచి మేస్త్రి నాకు ఇంజను పని ఇవ్వలేదు. గ్రీసు గన్ను చేతికిచ్చి బండ్ల కింద పడుకోమన్నాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పైన ఇంజన్లు విప్పుతుంటే, నేను కింద పడుకుని వాళ్ల చెప్పులు చూస్తూ గ్రీసు కొట్టాను. దానికి తోడు పేరొకటి. ఎలక్ట్రిషియన్ భాయి మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. "క్యా బోల్టన్నా, చాయ్ తాగుదమా?" అన్నాడు ఒకరోజు. అంతే, షెడ్డు నుంచి టీ బండికి, టీ బండి నుంచి బస్టాండుకు పాకింది. కూరగాయలమ్మే ఆమె కూడా "బోల్టన్నా, టమాటలు మంచిగున్నయి" అనేది. మెకానిక్కుకు ఆస్తి ఏముంటుంది, తన చేతి పని మీద నలుగురికి ఉన్న నమ్మకం తప్ప? అది పోతే మిగిలేది నూనె మరకల చొక్కాయే.

తర్వాత ఆ బండికి జరగని వైద్యం లేదు. సెల్ఫ్ మోటరు మార్చారు. ఇంజను కింద ఉండే రబ్బర్లు మార్చారు. మా షెడ్డులో ప్రతిసారీ నిశ్శబ్దం, ఇంటికి పోయాక మళ్లీ గచ్చకాయలు. చివరికి డ్రైవరు విసిగి నాగర్‌కర్నూల్‌లో పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోయాడు. వాళ్లు కంప్యూటరు తగిలించి చూసి, బండికి ఏ జబ్బూ లేదని చెప్పి పంపారు. ఆ మాట విని మా షెడ్డులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. జరిగిన దాంట్లో నిజం చెప్పింది వాళ్లొక్కరే అని తర్వాత తేలింది.

మధ్యలో నేనూ ఒక మాటన్నాను, దాచను. పల్లికాయల కాలం అయిపోయాక మా వైపు ఎలుకలు బండ్లలో దూరుతాయి. ఏసీ ఫ్యాను గొట్టంలో పల్లికాయలు దాచుకుంటాయి. ఇది అదే అయి ఉంటుందన్నాను. విప్పి చూస్తే నాలుగు ఎండుటాకులు రాలాయి. మేస్త్రికి పండుగ అయింది. "బోల్టు గాదంట, పల్లికాయంట! రేపు శెనగలంటడు, ఎల్లుండి గుడాలంటడు!" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అయ్యా, ఒక మాట. అది తినే వస్తువే అయి ఉంటుందని ఆ షెడ్డులో మొదట అన్నది నేనే. అంతవరకు నా లెక్క తప్పలేదు.

డ్రైవరు పరిస్థితి నాకంటే అన్యాయంగా ఉంది. అమ్రాబాద్ వైపు కిరాయికి పోతుంటే ఒక ముసలమ్మ ఆ శబ్దం విని బండి దిగిపోయిందట. "కొడుకా, నీ బండి పండ్లు పటపట కొరుకుతున్నది. అడివిల ఆగితె పులి ముందుగాల నిన్ను తింటదో నన్ను తింటదో తెల్వదు. నేనైతె బస్సుల పోత" అందట. ఈ మాట ఆయన నాకు నవ్వుతూనే చెప్పాడు. చెప్పడం అయ్యాక నవ్వు ఆగింది.

"అమ్మేస్తనన్నా. మల్ల పూణే పోతం. తట్ట మోసిన నెత్తే గద, ఇంకోపాలి మోస్తది."

నా మీద కోపం చేసుకోలేదు. బోల్టు నువ్వే మరిచావని ఒక్కసారి కూడా అనలేదు. నిందించేవాడికి ఎదురు జవాబు ఇవ్వగలం, నిందించని వాడి ముఖంలోకి చూడటమే కష్టం. షెడ్డు పక్కన టీ తాగుతూ కూర్చున్న ఆ సాయంత్రమే నాకు గద్వాల ఉస్తాద్ గుర్తొచ్చాడు.

"ఎప్పుడొస్తదో చెప్పినవ్. ఎప్పుడు రాదో చెప్పు" అన్నాను.

"ఈడ రాదు."

"నాగర్‌కర్నూల్ల?"

"రాలే."

"ఇంకా యాడ రాలే?"

ఆలోచించాడు. "ఆత్మకూరుల ఒక మెకానిక్‌కు జూపెట్టిన. ఆడ గూడ రాలే."

"హైదరాబాద్ దవాఖాన కాడ?"

"వస్తది. శ్రీశైలంల వస్తది. పెండ్లి కాడ వస్తది, పెట్రోల్ బంకుల వస్తది. మెకానిక్ అనేటోని మొఖం జూస్తెనే రాదు. దయ్యం లెక్క!"

నేను గ్లాసు కింద పెట్టేశాను. దయ్యానికి మెకానిక్కుతో ఏం పగ? బండికి మనుషుల్లో ఎవరు మెకానిక్కో ఎలా తెలుస్తుంది? తేడా బండిలో లేదు. మెకానిక్కు దగ్గరికి బయలుదేరే ముందు ఏదో జరుగుతోంది.

"వచ్చే ముందుగాల బండిని ఏమన్న జేస్తవా?"

"ఏం జెయ్య. కడిగి తెస్త, అంతే."

బండిని దాని ఇంటి దగ్గరే చూడాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. మరునాడు మేస్త్రిని అడిగాను. అందరూ వింటుండగా ఆయన ఇచ్చిన జవాబు ఇది: "మనమేమన్న డాక్టర్లమా, ఇంటికి వోయి నాడి వట్టనీకె? బండి మన కాడికొస్తది. మనం బండి కాడికి పోం. గంత సోకుంటె సెలవు నాడు పో. బోల్టు దొరికితె జేబుల ఏసుకొని రా."

షెడ్డుకు సెలవు వచ్చిన రోజున అమరచింత బస్సెక్కాను.

డ్రైవరు ఇంటి ముందు బండి ఎండలో నిలబడి ఉంది. ఆయన నన్ను చూసి పరుగున వచ్చాడు. నేను కూర్చోలేదు, నీళ్లు కూడా తర్వాత తాగుతానన్నాను. "కొట్టు సెల్ఫ్" అన్నాను.

కొట్టాడు. వచ్చింది! లొట, లొటలొటలొట... ఇంజను అందుకోగానే ఆగింది. ఆపమన్నాను. ఆపుతుంటే మళ్లీ లొటలొట. ఇన్నాళ్లు నా ఉద్యోగాన్ని, పేరును తిన్న శబ్దాన్ని అప్పుడే మొదటిసారి చెవులారా విన్నాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, పెళ్లిలో బాజాలు విన్నంత సంతోషమైంది.

చెవి పెట్టి విన్నాను. ఇనుముకు ఇనుము తగిలిన శబ్దం కాదు. అందులో గణగణ లేదు, బోలుగా ఉంది. బోల్టు అయితే ఇలా పలకదు. పైగా తిరిగే చక్రం దగ్గర బోల్టు వదులుగా పడి ఉంటే, అది ఊరికే గచ్చకాయలాడదు. ఏదో ఒకటి పగలగొట్టి బయటకు వస్తుంది. గుంతల్లో కూడా వస్తుందని ఈయన మొదటి రోజే చెప్పాడు. ఇంజను లోపలి శబ్దానికి రోడ్డు మీది గుంతతో ఏం పని? బండి ఊగినప్పుడల్లా ఏదో ఊగుతోంది. డీజిల్ ఇంజను స్టార్టయ్యేటప్పుడు, ఆగేటప్పుడే ఎక్కువ ఊగుతుంది.

బానెట్ ఎత్తబోయాను.

"ఆగన్నా, ఆగు!"

ఇంట్లోంచి ఆయన భార్య వచ్చింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నన్ను పక్కకు జరగమంది. తనే బానెట్ ఎత్తింది. ముందు వైపు రేడియేటరు పక్కనున్న ఇనుప పట్టీకి ఒక ఎర్రగుడ్డ మూట గట్టిగా కట్టి ఉంది. తాడు విప్పి, ఆ మూటను రెండు చేతుల్లో పట్టుకుని లోపలికి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టి వచ్చింది.

"ఇగ జూస్కో" అంది.

నేను డ్రైవరు వైపు చూశాను. "కొట్టు సెల్ఫ్."

ఇంజను మెత్తగా అందుకుంది. శబ్దం లేదు. ఆపాడు. లేదు. మళ్లీ కొట్టాడు. లేదు.

"జూసినవాన్నా? నువ్వు చెయ్యి వెట్టబోతెనే వోయింది!" అని ఆయన నెత్తి పట్టుకున్నాడు.

"నేను చెయ్యి పెట్టలే. నీ భార్య పెట్టింది" అన్నాను. ఆమెను అడిగాను. "అక్కా, అండ్ల ఏమున్నది?"

"ముడుపు. టెంకాయ. దసరా నాడు మొక్కి కట్టిన. జాతరల విప్పాలె."

"అందరు బండికి ముందర కడ్తరు గదా, బయట. నువ్వు లోపల కట్టినవేంది?"

ఆమె నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూసింది. "మా వాడకట్టుల కోతులు లెవ్వా? ముంగటేడు బయటనే కట్టిన. గోడ మీద కూసొని, నా మొఖం జూసుకుంట పలగ్గొట్కొని తిన్నది. ముడుపు కోతి తిన్నంక మొక్కు ఎవరికి ముట్టినట్టు?"

"మరి ఇప్పుడెందుకు తీసినవ్?"

"మీ మెకానిక్కులకు మడి ఉన్నదా, మైల ఉన్నదా? దాన్ని గూడ పానా లెక్క దీసి మూలకు ఇసిరేస్తరు. అందుకే బండి మెకానిక్ కాడికి వోయేనాడు నేనే తీస్త, వచ్చినంక నేనే కడ్త. వేరే చెయ్యి తాకొద్దు."

ఆమె అన్నది అబద్ధం కాదు. అలా విసిరేసిన వాళ్లను మా షెడ్డులోనే చూశాను. పేర్లు అడిగితే చెబుతాను.

డ్రైవరు దిగి వచ్చి, ఖాళీ ఇనుప పట్టీని తడిమి చూశాడు. రోజూ చూసే వస్తువు మనిషికి కనబడదు. భార్య ముడుపు కట్టడం, తియ్యడం ఆయనకు ఆమె వాకిలి ఊడ్చినట్టే. దాన్ని బండి పని లెక్కలో ఎప్పుడూ వెయ్యలేదు.

"అక్కా, ముడుపు తెచ్చి ఒక్కపారి చెవి కాడ వెట్టుకొని ఊపు" అన్నాను.

"దేవుని ముడుపును గిలక లెక్క ఊపమంటవా?"

"ఊపకుంటె నీ పెనిమిటి బండి అమ్ముతడు."

భర్త వైపు తిరిగి చూసింది. తర్వాత లోపలికి పోయి, గూటికి దండం పెట్టుకుని, మూటను చెవి దగ్గర పెట్టుకుని చిన్నగా కదిపింది. లొటలొట. వాకిట్లో నిలబడ్డ మాకు కూడా వినిపించింది.

"అయ్యో నా తల్లీ! కుడుకైంది!" అంది.

అదే. మీలో వంటింటి ముఖం చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. టెంకాయ ఎండితే లోపలి నీళ్లు ఇంకిపోతాయి. కొబ్బరి, చిప్పను వదిలి, గుండులా విడిగా ఆడుతుంది. దాన్నే మనం కుడుక అంటాం. ఇంట్లో పెడితే అలా కావడానికి చాలా కాలం పడుతుంది. ఆమె దాన్ని రోజూ కాగే ఇంజను పక్కన కట్టింది. దసరా నాటి పచ్చి టెంకాయ ఎండాకాలం వచ్చేసరికి పొయ్యి మీద పెట్టినట్టే ఎండింది. బండి ఊగినప్పుడల్లా లోపల కుడుక దొర్లింది. కట్టింది ఇనుప పట్టీకి కాబట్టి బండంతా డప్పులా పలికింది. సరిగ్గా నేను క్లచ్ మార్చిన రోజుల్లోనే అది చిప్పను వదలడం నా కర్మ.

ఆమె మళ్లీ కట్టింది. సెల్ఫ్ కొడితే వచ్చింది. విప్పింది. పోయింది. మూడోసారికి ఆమె నవ్వు ఆపుకోలేక బండి మీద చెయ్యి వేసి నిలబడింది. భర్తను మాత్రం వదల్లేదు. "పూణే పోతడంట, పూణే! టెంకాయకు భయపడి!"

నేను నవ్వుల్లో పడిపోలేదు. నాకు నా పని ఉంది. "రేపు బండి షెడ్డుకు తీసుకురండి. ముడుపు కట్టే తేవాలె. నువ్వు గూడ రావాలె అక్కా" అన్నాను.

"వస్త. నా మొగనికి రాని కిరాయిలన్ని ఎవరు తిన్నరో ఆయన మొఖం జూడాలె" అంది.

మరునాడు మేస్త్రికి నేను ముందుగా ఏమీ చెప్పలేదు. బండి వచ్చి ఆగగానే, "సప్పుడొస్తున్నది, మీరే వినండి" అన్నాను. ఆయనే కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. మా షెడ్డులో మొదటిసారి ఆ శబ్దం మోగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇగో! నేను జెప్పలే? ఇదే బోల్టు!" అని దిగి కేకేశాడు. లేతు ఆయన వచ్చాడు, భాయి వచ్చాడు, గేటు దగ్గర టీ తాగుతున్న వాళ్లు కూడా వచ్చారు. నేను ఎవరినీ పిలవలేదు. నా తరఫున సాక్షులందరినీ ఆయనే పిలిచాడు.

"యాడ ఉన్నది మేస్త్రీ?" అని అడిగాను.

పొడుగు స్క్రూ డ్రైవరు తీసుకుని, కొన గేర్ బాక్సు మీద, పిడి తన చెవికి ఆనించి విన్నాడు. లోపలి శబ్దాన్ని అలా వింటాం మేము. ఆయన చెప్పినట్టు మళ్లీ సెల్ఫ్ కొట్టారు. "ఈడనే. గేర్ బాక్సుల. పక్కా" అన్నాడు.

"పక్కానా?"

"నా చెవి మీద ఒట్టు."

నేను పక్కకు జరిగాను. "అక్కా, నీ ముడుపు తీసుకో" అన్నాను.

ఆమె ముందు సీటులోంచి దిగింది. వెంట తెచ్చుకున్న చెంబు నీళ్లతో చేతులు కడుక్కుంది. అందరూ చూస్తుండగా బానెట్ లోంచి ఎర్రమూట విప్పి గుండెకు ఆనించుకుంది. "కొట్టు మేస్త్రీ" అన్నాను. ఆయన కొట్టాడు. ఇంజను పాలు పొంగినంత మెత్తగా అందుకుంది. మళ్లీ కొట్టాడు. ఆపాడు. కొట్టాడు. ఆయన ఎన్నిసార్లు కొట్టినా ఆ బండి నోరు విప్పలేదు.

ఆమె మూటను మేస్త్రి చెవి దగ్గరికి తెచ్చి ఒక్కసారి కదిపింది. లొటలొట.

"ఇదేనా అన్నా నీ బోల్టు?" అంది.

మొదట నవ్వింది ఎలక్ట్రిషియన్ భాయి. నవ్వి నవ్వి బ్యాటరీల మీద కూర్చుండిపోయాడు. "యా అల్లా! నారియల్! గేర్ బాక్సుల నారియల్!" అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, అందరి ముందు నా గ్రీసు చెయ్యి పట్టుకుని, "మాఫ్ చెయ్యన్నా. ఆ పేరు నేనే వెట్టిన, నేనే తీసేస్తున్న" అన్నాడు. అలా అన్నవాడు ఆయనొక్కడే. అందుకే ఆయన మీద నాకు ఏ పట్టింపూ లేదు.

మేస్త్రి ఏమన్నాడో తెలుసా? తాళం చెవి నా చేతిలో పెట్టి, "నేను ముందే అనుకున్న, బయటి సప్పుడే అని" అన్నాడు. అని ఫోను మోగినట్టు చెవికి పెట్టుకుని బయటకు పోయాడు. ఫోను మోగలేదు. నేను అక్కడే ఉన్నాను.

ఆ రోజు సాయంత్రం గ్రీసు గన్ను తీసుకెళ్లి దాని మేకుకు తగిలించాను. మళ్లీ దించలేదు. మరునాడు ఒక లారీ ఇంజను వస్తే ఎవరూ చెప్పకుండానే నా ముందు పెట్టారు. నా సత్తు పళ్లెం కడిగి పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. డ్రైవరు పూణే వెళ్లలేదు, బండి అమ్మలేదు. అమ్రాబాద్ ముసలమ్మను వెతికి పట్టుకుని, మళ్లీ ఎక్కించుకుని శ్రీశైలం తీసుకుపోయాడు. ముడుపును ఆయన భార్య ఒక డబ్బాలో పత్తి పరిచి, అందులో పెట్టి, ముందు సీటు ఎదురుగా ఉండే అరలో ఉంచింది. కోతికీ అందదు, ఇంజనుకూ అందదు. ఆ డబ్బా సలహా నాదే అని కూడా రాసి ఉంచుతున్నాను. రేపు దాన్ని కూడా ఎవరైనా మైకులో చెప్పుకుంటారు.

జాతర అయ్యాక ఆమె ముడుపు విప్పి, కొట్టి, కుడుకలో సగం బెల్లంతో కలిపి నాకు పంపింది. అంత తియ్యటి కొబ్బరి నేను మళ్లీ తినలేదు. షెడ్డులో అందరికీ తలా ఒక ముక్క పెట్టాను. మేస్త్రి కూడా చెయ్యి చాపాడు. ప్రసాదం లేదనకూడదు. పెట్టాను. నమిలి, "మంచిగున్నది" అన్నాడు.

తమ్ముళ్లూ, శబ్దం ఎప్పుడు రాదో అడగండి. బండి మీ దగ్గరికి రావడమే కాదు, అవసరమైతే మీరు బండి దగ్గరికి పొండి. ముడుపు కనబడితే పానాలా విసిరెయ్యకండి, కట్టిన చేతినే పిలవండి. మీరు కనిపెట్టిన దాన్ని ఆ రోజే గట్టిగా చెప్పుకోండి. ఎవరైనా 'నేను ముందే అనుకున్న' అంటే నాలాగా మర్యాద కోసం ఊరుకుంటే, శాలువా వేరే భుజాల మీద పడుతుంది.

ఇక మేస్త్రికి. కుడుక తిన్న నోటితోనే మైకులో ఆ కథ చెప్పావు. నీకు తెలియదని నేను అనుకోను. అమరచింత బస్సు ఎక్కింది ఎవరో నీకు తెలుసు, స్క్రూ డ్రైవరు చెవిలో పెట్టుకుని ఒట్టు వేసింది ఎవరో కూడా తెలుసు. భాయి బతికే ఉన్నాడు, లేతు ఆయన బతికే ఉన్నాడు, ఆ అక్క అమరచింతలోనే ఉంది, పిలిస్తే అదే బండిలో వస్తుంది. శాలువా నువ్వే ఉంచుకో, నాకు వద్దు. నేను అడిగేది ఒక్కటే. నలుగురి ముందు నా మీద వేసిన మాట అది, నలుగురి ముందే జవాబు కావాలి. సాయంత్రం నేను టీ బండి దగ్గరే ఉంటాను. వచ్చి చెప్పు.

నేను లోపల మరిచిన ఆ బోల్టు ఏది?